మేకు లేని కుర్చీ

పోయిన ఏడాది ఏడో తరగతి పిల్లలను ఒక వ్యాసం రాయమన్నాను. అంశం: ‘మా ఇంట్లో అన్నిటికన్నా పాత వస్తువు’. చాలామంది ప్రెషర్ కుక్కర్ గురించి రాశారు. ఇద్దరు ముగ్గురు నాన్నగారి ఇనుప ట్రంకుపెట్టె గురించి రాశారు. దాని మీద పాత ఊళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి కొట్టేసి, చివర కొత్త ఊరి పేరు రాసి ఉంటుందట. ఒక అమ్మాయి మాత్రం రెండే వాక్యాలు రాసింది. “మా ఇంట్లో పాత వస్తువు ఏదీ లేదు. బదిలీ అయినప్పుడల్లా మంచాలు, బల్లలు అమ్మేసి వెళ్తాం.”

ఆ రెండు వాక్యాలకు ఎన్ని మార్కులు వేయాలో నాకు తోచలేదు. మా ఇంటి సంగతీ అంతే. బదిలీ ఉత్తర్వు రాగానే మొదట అమ్ముడుపోయేది మంచం, ఆ తరువాత బల్ల. లారీ కిరాయి కంటే కర్ర సామాను ఖరీదు తక్కువ. మీలో చాలామందికి ఈ లెక్క నాకంటే బాగా తెలుసు.

ఆ వ్యాసం మనసులో ఉండగానే, కర్ర సామాను ఏదీ వెంట తీసుకుపోలేని మరికొందరి గురించి చదివాను. వాళ్ళు చేసుకున్న కుర్చీ గురించే ఈ పాఠం. ఇందులో కొంత చరిత్ర ఉంది, కొంత విజ్ఞానశాస్త్రం ఉంది, కొన్ని తెలుగు మాటలూ ఉన్నాయి.

గుర్రం మీద ఎంత పడుతుంది?

అమెరికా తూర్పు భాగంలో ఉత్తరం నుంచి దక్షిణానికి అపలాచియన్ పర్వతాలు బారులు తీరి ఉంటాయి. 18వ శతాబ్దంలో ఐరోపా నుంచి వచ్చినవారు ఎక్కువగా ఆ కొండలకు తూర్పున, సముద్రం వైపు స్థిరపడ్డారు. 1775లో డేనియల్ బూన్ అనే వేటగాడు కొందరు మనుషులతో కలిసి కంబర్లాండ్ కనుమ మీదుగా కెంటకీ వైపు ఒక దారి కొట్టాడు. దానికి వైల్డర్‌నెస్ రోడ్ అని పేరు. అంటే అడవిదారి. బళ్ళు నడిచేలా ఆ దారిని వెడల్పు చేసింది 1796లో. అంతవరకు ఆ దారిన వెళ్ళిన వేలమంది నడిచో, గుర్రాల మీదో వెళ్ళారు. ఇలా ముందుగా దారి చేసుకుంటూ వెళ్ళినవారిని ఆంగ్లంలో పయనీర్లు అంటారు.

గుర్రం వీపు మీద మంచం వెళ్ళదు, బల్ల వెళ్ళదు. వంటపాత్ర, విత్తనాలు, దుప్పట్లు, తుపాకీ, కొంచెం ఉప్పు వెళ్తాయి. వాటితోపాటు కొన్ని ఇనుప పనిముట్లు. గొడ్డలి, బర్మా లాంటి వాటికి ఇనుప భాగం ఉంటే చాలు, పిడి దారిలో ఎక్కడైనా చెక్కుకోవచ్చు. అక్కడి అడవుల్లో హికరీ అనే చెట్టు ఉంటుంది. దాని కర్ర దెబ్బకు సాగుతుంది గాని తొందరగా విరగదు. గొడ్డలి పిడికి అంతకంటే మంచి కర్ర ఆ ప్రాంతంలో లేదు. ఇనుము పాత ఊరిది, పిడి కొత్త ఊరిది అన్నమాట.

మేకులు కూడా వెంట ఎక్కువ తీసుకుపోలేకపోయారు. ఆ రోజుల్లో కమ్మరి ఒక్కొక్క మేకునూ కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టి చేసేవాడు. మేకు ఎంత విలువైన వస్తువో చెప్పడానికి ఒక చట్టమే సాక్ష్యం. 17వ శతాబ్దంలో వర్జీనియాలో ఇల్లు వదిలి మరోచోటికి వెళ్ళేవాళ్ళు, మేకులు ఏరుకోవడానికి ఆ ఇంటిని తగలబెట్టేవారు. అలా కాల్చవద్దని, ఆ ఇంటికి ఎన్ని మేకులు పట్టి ఉంటాయో లెక్కకట్టి అన్ని మేకులు ఇస్తామని 1645లో అక్కడ చట్టం చేశారు. మనం ఇల్లు మారేటప్పుడు ఫ్యాన్లు, బల్బులు విప్పి తీసుకుపోతాం. వాళ్ళు మేకులు తీసుకుపోయారు.

మరి మేకు లేకుండా కుర్చీ ఎలా నిలబడుతుంది? జిగురు కూడా లేకుండా, తాతలు చేసింది మనవళ్ళు కూర్చునేదాకా ఎలా నిలబడుతుంది?

నిచ్చెన వీపు కుర్చీ

ఆ కొండల్లో ఇంటింటా ఉండే కుర్చీ చాలా సాదాది. నాలుగు కాళ్ళు. వెనక కాళ్ళు రెండూ పొడుగ్గా పైకి సాగి వీపుకు ఆనుతాయి. కాళ్ళను కలుపుతూ 11 లేదా 12 అడ్డకర్రలు ఉంటాయి. వెనక కాళ్ళ మధ్య రెండో మూడో వంపు తిరిగిన పట్టీలు ఉంటాయి. చూడటానికి నిచ్చెన మెట్లలా కనిపిస్తాయి కాబట్టి దాన్ని ‘నిచ్చెన వీపు కుర్చీ’ అనే అర్థం వచ్చేలా పిలుస్తారు. కూర్చునే చోట చెక్క ఉండదు, అల్లిక ఉంటుంది. మన నులక మంచం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. మంచానికి నాలుగు కోళ్ళు, కోళ్ళలో దూరిన నాలుగు పట్టెలు, పట్టెల మీద అల్లిన నులక. కుర్చీ కూడా అదే కుటుంబానిది.

ఇప్పుడు పని మెట్టు మెట్టుగా చూద్దాం.

1. చీల్చడం. ముందు నిటారుగా, కొమ్మలు లేకుండా పెరిగిన ఓక్ చెట్టునో హికరీ చెట్టునో ఎంచుతారు. చెట్టు కొట్టాక దుంగను ఎండనివ్వరు. పచ్చిగా ఉండగానే పని మొదలుపెడతారు. దుంగ కొసన, నడిమధ్య మీదుగా ఇనుప వెడ్జ్ పెట్టి సమ్మెటతో కొడతారు. ఒక పక్క మందంగా, మరో పక్క పలుచగా ఉండే ఆ ఇనుప ముక్క లోపలికి దిగేకొద్దీ దుంగ నిలువునా విచ్చుకుంటుంది. దుంగ రెండు అవుతుంది. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ముక్కలు చిన్నవయ్యాక ఫ్రో అనే పనిముట్టు తీసుకుంటారు. దాని ఇనుప పలక అడ్డంగా, పిడి నిలువుగా ఉంటుంది. పలకను కర్ర మీద పెట్టి కొయ్యసుత్తితో కొట్టి, పిడిని ఊపితే కర్ర బద్దలుగా విడిపోతుంది. చీలిక ఒక పక్కకు పోతూ ఉంటే మందంగా ఉన్న వైపును వంచుతారు. అప్పుడు చీలిక మళ్ళీ మధ్యకు వస్తుంది.

రంపంతో కోయవచ్చు గదా అని మీరు అడగవచ్చు. చెట్టు లోపల పోగులు నిలువునా ఉంటాయి. అవి ఎప్పుడూ తిన్నగా ఉండవు, చెట్టు ఎలా పెరిగితే అలా వంపులు తిరుగుతాయి. రంపానికి ఆ సంగతి తెలియదు. గీత గీసిన చోటల్లా కోసుకుంటూ పోతుంది, దారిలో పోగులు తెగిపోతాయి. చీల్చినప్పుడు మాత్రం కర్ర పోగుల వెంటే విడిపోతుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా పోగులు తెగవు. అందుకే బొటనవేలంత లావు అడ్డకర్ర కూడా పెద్ద మనిషి బరువును మోస్తుంది. మన మేదరివాళ్ళు వెదురును కత్తితో బద్దలు చేసి బుట్ట అల్లేది ఈ కారణంగానే.

2. చెక్కడం. బద్దను గుండ్రంగా చెక్కడానికి డ్రా నైఫ్ వాడతారు. దాని రెండు కొసల్లోనూ పిడులు ఉంటాయి. రెండు చేతులతో పట్టుకుని తనవైపు లాగుతూ చెక్కాలి. మరి కర్రను ఎవరు పట్టుకుంటారు? దానికి షేవింగ్ హార్స్ అనే బల్ల ఉంది. గుర్రం మీద కూర్చున్నట్టు దాని మీద కూర్చుని, కింద ఉన్న అడ్డను పాదాలతో ముందుకు తోస్తే పైన ఉన్న దిమ్మ కర్రను గట్టిగా అదిమి పడుతుంది. పాదం వదిలితే పట్టు సడలుతుంది, కర్రను తిప్పుకోవచ్చు. మన వడ్రంగులు నేల మీద కూర్చుని కాలివేళ్ళతో కర్రను నొక్కిపట్టడం మీలో కొందరు చూసే ఉంటారు. అక్కడ ఆ పనిని బల్ల చేస్తుంది, ఇక్కడ మనిషే చేస్తాడు.

పచ్చి కర్ర కత్తికి లొంగుతుంది. అదే ఓక్ ఎండితే రాయిలా మారి కత్తి అంచును విరిచేస్తుంది. వీపు పట్టీలను కూడా ఈ దశలోనే వేడినీళ్ళలో ఉడికించో, ఆవిరి పట్టించో వంచి, అచ్చులో బిగించి ఆరనిస్తారు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని పెద్దలు మనల్ని మందలించేటప్పుడు అంటారు. వడ్రంగి పనిలో ఆ మాట అక్షరాలా నిజం.

3. ఎండబెట్టడం. కుర్చీ రహస్యం ఇక్కడ ఉంది. అడ్డకర్రలను పొయ్యి దగ్గరో, అటక మీదో పెట్టి బాగా ఎండబెడతారు. కాళ్ళను మాత్రం అంతగా ఎండనివ్వరు, వాటిలో కొంత తేమ ఉంచుతారు. ఎందుకో తరువాత చూద్దాం.

4. బిగించడం. ఎండిన అడ్డకర్ర కొసను సుమారు 16 మిల్లీమీటర్ల లావు ఉండేలా చెక్కుతారు. దాన్ని మనం ‘మొన’ అందాం. కాలిలో బర్మాతో అదే కొలతకు 25 మిల్లీమీటర్ల లోతు బెజ్జం వేస్తారు. మొన బెజ్జంలోకి చేత్తో తోస్తే దిగకూడదు, సుత్తితో కొడితేనే దిగాలి. ముందుగా ఎదురెదురు కాళ్ళను కలిపే అడ్డకర్రలను దింపుతారు. ఆ తరువాత పక్క అడ్డకర్రల కోసం బెజ్జాలు వేసేటప్పుడు, లోపల అప్పటికే దిగి ఉన్న మొన అంచును కొద్దిగా కోసుకుంటూ పోయేలా వేస్తారు. రెండో మొన ఆ గాడిలోకి దిగి మొదటి మొనకు గడియ వేసినట్టు అడ్డుపడుతుంది. ఇక అది బయటికి జారలేదు.

5. అల్లడం. వసంతం చివర, వేసవి మొదట్లో చెట్టులో రసం బాగా పారుతూ ఉంటుంది. అప్పుడు హికరీ బెరడు తేలిగ్గా ఊడివస్తుంది. గరుకుగా ఉండే పై బెరడు చెక్కేసి, లోపలి బెరడును వేలి వెడల్పున పొడవాటి పట్టీలుగా కోసి ఊడదీస్తారు. చుట్టలు చుట్టి ఆరబెట్టి, అల్లే ముందు నీళ్ళలో నానబెడతారు. తడిగా ఉండగా అల్లితే, ఆరాక అల్లిక డప్పు మీద తోలులా బిగుసుకుంటుంది.

కర్ర ఊపిరి పీలుస్తుంది

ఇప్పుడు మూడో మెట్టులో దాచిన సంగతి.

పచ్చి కర్రలో నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి. కొన్ని కణాల లోపలి ఖాళీలో, గ్లాసులో నీళ్ళలా ఉంటాయి. మిగతావి కణాల గోడల్లో, తడి గుడ్డలో తేమలా ఉంటాయి. కర్ర ఆరేటప్పుడు ముందు గ్లాసులోని నీళ్ళు పోతాయి. బరువు తగ్గుతుంది గాని కర్ర కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది. అప్పుడు గోడలు ముడుచుకుంటాయి, కర్ర చిక్కిపోతుంది.

అయితే కర్ర అన్ని వైపులా ఒకేలా చిక్కిపోదు. పొడవులో 0.1 నుంచి 0.2 శాతం మాత్రమే తగ్గుతుంది. ఇది లేనట్టే లెక్క. అడ్డంగా మాత్రం బాగా తగ్గుతుంది. దుంగ కొసన కనిపించే వలయాల వెంబడి ఎక్కువగా, కేంద్రం నుంచి బెరడు వైపు దానిలో దాదాపు సగం తగ్గుతుంది. అమెరికా తెల్ల ఓక్ పచ్చి దశ నుంచి పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి 10.5 శాతం, కేంద్రం నుంచి బెరడు వైపు 5.6 శాతం ముడుచుకుంటుంది. అందుకే గుండ్రంగా చెక్కిన పచ్చి కర్ర ఆరాక కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఎండిన దుంగల కొసన నెర్రెలు పడేదీ అందుకే.

దీన్ని కుర్చీకి అన్వయించి చూడండి. 16 మిల్లీమీటర్ల మొనను పచ్చిగా ఉండగానే బిగించామనుకోండి. ఆరేసరికి అది దాదాపు ఒక మిల్లీమీటరు చిక్కిపోతుంది. ఒక మిల్లీమీటరు అంటే మీకు తక్కువ అనిపించవచ్చు. కాని కూర్చున్న ప్రతిసారీ మొన బెజ్జంలో ఊగుతుంది, ఊగిన ప్రతిసారీ అరుగుతుంది. ఒక చలికాలం గడిచేసరికి కుర్చీ కిర్రుకిర్రుమంటుంది, ఆ తరువాత ఊడిపోతుంది.

ఇప్పుడు ఎండిన మొనను, కొంచెం తేమ ఉన్న కాలిలో బిగించండి. మొన చిక్కిపోవాల్సినంత చిక్కిపోయే వచ్చింది. అది కాలిలోని తేమను కాస్త పీల్చుకుని ఉబ్బుతుంది. అదే సమయంలో కాలు ఆరుతూ మొన చుట్టూ ముడుచుకుంటుంది. లోపలిది ఉబ్బుతోంది, బయటిది బిగుస్తోంది. రోజులు గడిచేకొద్దీ పట్టు పెరుగుతుందే గాని తగ్గదు. కాలు మరీ పచ్చిగా ఉంటే ప్రమాదం, ముడుచుకునే బలానికి అదే పగిలిపోతుంది. ఎంత తేమ ఉంచాలో పాత పనివారు చేతిలో బరువును బట్టి, తట్టినప్పుడు వచ్చే మోతను బట్టి చెప్పేవారు.

ముడుచుకోవడంతో బిగించే ఉపాయం మన ఊళ్ళలోనూ ఉంది. ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు దాన్ని పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. వేడికి పట్టా వ్యాకోచిస్తుంది. అప్పుడు చక్రం మీద తొడిగి నీళ్ళు పోస్తారు. చల్లబడి ముడుచుకున్న పట్టా చక్రంలోని కర్రముక్కలన్నిటినీ ఒక్కటిగా బిగించి పడుతుంది. అక్కడ నీరు చేసే పని ఇక్కడ వేడి చేస్తుంది. తెలివి మాత్రం ఒకలాంటిదే. బండి చక్రానికి తుమ్మ, కొండపల్లి బొమ్మకు పొనికి అని కర్రను ఎంచుకోవడంలోనూ అంతే. ఒక చోట చాలాకాలం ఉండి, అక్కడి చెట్లను చేతితో పట్టి చూసినవారికే ఈ తెలివి వస్తుంది.

ఆ నేల ఎవరిది?

ఇక్కడ ఒక మాట దాచకూడదు. పయనీర్ల కథ చెప్పేవారు చాలామంది ‘ఎవరూ లేని అడవిలోకి వెళ్ళారు’ అని మొదలుపెడతారు. ఆ అడవి ఖాళీగా లేదు. అపలాచియన్ పర్వతాల దక్షిణ భాగం చెరోకీ ప్రజల నేల. వాళ్ళకు అక్కడ ఊళ్ళు, పొలాలు ఉండేవి. నది ఒడ్డున పెరిగే వెదురులాంటి రెల్లుతో, తెల్ల ఓక్ బద్దలతో వాళ్ళు అల్లిన బుట్టలు ఇప్పటికీ పేరున్నవి.

1830లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసి, మిసిసిపీ నదికి తూర్పున ఉన్న మూలవాసులను పడమటికి పంపించే అధికారం తీసుకుంది. 1838, 1839 సంవత్సరాల్లో చెరోకీలను సైన్యం ఇళ్ళలోంచి వెళ్ళగొట్టింది. సుమారు 16,000 మందిని వందల మైళ్ళ దూరం తరలించారు. దారిలోనూ, శిబిరాల్లోనూ ఆకలితో, చలితో, రోగాలతో సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. ఆ ప్రయాణాన్ని ‘కన్నీటి బాట’ అంటారు. కొందరు కొండల్లో మిగిలిపోయారు. వాళ్ళ సంతతివారు ఉత్తర కరొలైనాలో ఇప్పటికీ ఓక్ బద్దల బుట్టలు అల్లుతున్నారు.

మనకు వచ్చేది బదిలీ. కొత్త ఊళ్ళో క్వార్టరు, బడి, సెలవులకు తిరిగి వెళ్ళే ఊరు మనకు ఉంటాయి. తరిమివేత వేరు. కుర్చీ చేసినవారి నేర్పును మెచ్చుకుందాం. ఆ ఓక్ చెట్టు ఎవరి నేలలో పెరిగిందో కూడా గుర్తుంచుకుందాం. రెండూ తెలిస్తేనే చరిత్ర తెలిసినట్టు.

ఒక బడి పత్రిక చేసిన పని

కాలం మారింది. 19వ శతాబ్దంలో యంత్రాలు వచ్చాయి, మేకులు చౌక అయ్యాయి, కర్మాగారం కుర్చీలు కొండల్లోకి కూడా చేరాయి. చేత్తో కుర్చీ చేయగలవారు ఏ ఊళ్ళో చూసినా ఒకరిద్దరు ముసలివారే మిగిలారు. వాళ్ళ తరువాత ఈ పని ఎవరికీ తెలియకుండా పోయేదే.

అప్పుడు జార్జియా రాష్ట్రంలోని రేబన్ కౌంటీలో కొందరు ఉన్నత పాఠశాల విద్యార్థులు ఒక పని చేశారు. ఆ కౌంటీ కూడా ఒకప్పుడు చెరోకీల నేలే. 1966లో ఆ విద్యార్థులు ఒక బడి పత్రిక మొదలుపెట్టారు. మీరు ఇప్పుడు చదువుతున్నటువంటి పత్రికే. టేప్ రికార్డరు, కెమెరా పట్టుకుని కొండల్లోని తాతల దగ్గరికి, అవ్వల దగ్గరికి వెళ్ళారు. దుంగల ఇల్లు ఎలా కడతారు, కుర్చీ ఎలా చేస్తారు, తాళ్ళ మంచం ఎలా బిగిస్తారు, సబ్బు ఎలా కాస్తారు అని అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకున్నారు. పత్రికకు ఫాక్స్‌ఫైర్ అని పేరు పెట్టారు. అక్కడి అడవుల్లో కుళ్ళిన కర్ర మీద పెరిగే ఒక రకం బూజు చీకట్లో సన్నగా వెలుగుతుంది. ఆ వెలుగుకు పేరు అది. 1972లో ఆ వ్యాసాలను పుస్తకంగా వేస్తే లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. ఒక ముసలి కుర్చీల పనివాడు తన పనిని చూపించిన అధ్యాయం అందులో ఉంది. పిల్లలు వెళ్ళి అడగబట్టి ఆ పని కాగితం మీదికి వచ్చింది.

అది చదివాక నేను ఏడో తరగతికి వెళ్ళి వ్యాసం అంశం మార్చాను. ‘మా ఇంట్లో అన్నిటికన్నా పాత పని’ అని బోర్డు మీద రాశాను. వస్తువు కాదు, మీ ఇంట్లో ఎవరి చేతికో వచ్చిన పని. వాళ్ళకు ఎవరు నేర్పారో, వాళ్ళకు నేర్పినవారికి ఎవరు నేర్పారో కనుక్కుని రాయండి అన్నాను.

రెండు వాక్యాలు రాసిన అమ్మాయి ఈసారి మూడు పేజీలు తెచ్చింది. వాళ్ళ అమ్మకు నవారు మంచం అల్లడం వచ్చట. అమ్మకు వాళ్ళ అమ్మమ్మ నేర్పింది, ఆమెకు వాళ్ళ అత్తగారు. క్వార్టరులో నవారు మంచం లేదు కాబట్టి ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ మాటల్లోకి రాలేదు. అమ్మాయి అడిగిందని వాళ్ళమ్మ పాత చీరల అంచులు చింపి, ఒక స్టూలు చట్రం మీద అల్లి చూపించింది. ఎన్ని పట్టీలు పైనుంచి, ఎన్ని కిందినుంచి అన్నది అమ్మాయి బొమ్మ గీసి మరీ రాసింది. చివరి వాక్యం ఇది: “వచ్చే బదిలీకి స్టూలు అమ్మేసినా ఫరవాలేదు మేడమ్, నాకు వచ్చేసింది.”

ఈ మాటలు తెలుసుకోండి

చేవ: చెట్టు మధ్యన ఉండే గట్టి, ముదురు రంగు కర్ర. ‘చేవ ఉన్న మనిషి’ అంటే శక్తి, ధైర్యం ఉన్నవాడని.

బద్ద: నిలువునా చీల్చిన ముక్క. వెదురు బద్ద, తాటి బద్ద.

బర్మా: తిప్పుతూ కర్రకు బెజ్జం వేసే పనిముట్టు.

బాడిస: కర్రను చెక్కే పనిముట్టు. గొడ్డలి పలక పిడికి సమంగా ఉంటే, బాడిస పలక పిడికి అడ్డంగా ఉంటుంది.

చిత్రిక: కర్రను నున్నగా చేసే పనిముట్టు. రాసినదాన్ని సరిదిద్ది నున్నగా చేయడాన్ని కూడా ‘చిత్రిక పట్టడం’ అంటారు.

కోడు: మంచం కాలు. బహువచనం కోళ్ళు. కోళ్ళను కలిపే పొడవాటి కర్రలు పట్టెలు.

చేసి చూడండి

బడి తోటలో కొమ్మలు కత్తిరించిన రోజున బొటనవేలంత లావు ఉన్న పచ్చి కొమ్మ ముక్క ఒకటి అడిగి తీసుకోండి. దీనికోసం చెట్టు కొమ్మ విరవవద్దు. బెరడు తీయించి, వంటింటి త్రాసులో తూచి బరువు రాసుకోండి. స్కేలుతో లావు, పొడవు కొలవండి. నీడలో ఉంచి వారానికి ఒకసారి తూచండి, కొలవండి. బరువు ఇక తగ్గనప్పుడు ఆపండి. ఆ తరువాత ఈ లెక్క చేయండి: మొదటి బరువు నుంచి చివరి బరువు తీసివేసి, వచ్చినదాన్ని చివరి బరువుతో భాగించి, 100తో గుణించండి. ఉదాహరణకు 240 గ్రాముల కొమ్మ 150 గ్రాములకు వస్తే, పోయిన నీరు 90 గ్రాములు. అంటే ఎండిన కర్ర బరువులో 60 శాతం. పొడవు ఎంత మారింది, లావు ఎంత మారింది అన్నది పక్కపక్కన రాస్తే పాఠంలో చెప్పిన సంగతి మీ నోటుబుక్కులోనే కనిపిస్తుంది.

ప్రశ్నలు

1. వైల్డర్‌నెస్ రోడ్ వెంట వెళ్ళినవారు కర్ర సామాను ఎందుకు తీసుకుపోలేదు?

2. రంపంతో కోసిన కర్రకూ, చీల్చిన కర్రకూ బలంలో తేడా ఎందుకు వస్తుంది?

3. అడ్డకర్రను పచ్చిగా ఉంచి, కాలిని ఎండబెట్టి కుర్చీ చేస్తే ఏమవుతుంది? కారణం రాయండి.

4. బదిలీకీ, చెరోకీ ప్రజలకు జరిగినదానికీ తేడా ఏమిటి? మీ మాటల్లో ఐదు వాక్యాలు రాయండి.

5. మీరు ఇప్పుడు ఉన్న ఊళ్ళో చేత్తో వస్తువు చేసే ఒకరి దగ్గరికి ఇంట్లో పెద్దవారితో కలిసి వెళ్ళండి. వడ్రంగి, మేదరి, కుమ్మరి, చాపలు అల్లేవారు, ఎవరైనా సరే. వాళ్ళ భాష మీకు పూర్తిగా రాకపోయినా ఫరవాలేదు. ఒక పనిముట్టు పేరు వాళ్ళ భాషలో అడిగి రాసుకోండి, దాని బొమ్మ గీయండి, తెలుగులో దాన్ని ఏమంటారో ఇంట్లో అడగండి. బదిలీ మీద ఎన్ని ఊళ్ళు తిరిగితే అన్ని పేజీలు ఆ పుస్తకంలో చేరతాయి.